పిచ్చుకలు గింజను కంటితో వెతుక్కుంటాయి

సంపాదకులకు నమస్కారాలు.

ప్రపంచ పిచ్చుకల దినోత్సవం నాడు మా ఊరి పార్కులో ఇనుప స్తంభాలకు ప్లాస్టిక్ గింజల గిన్నెలు వేలాడదీశారన్న వార్తను మార్చి 21న మీ జిల్లా అనుబంధంలో చదివాను. వెంటనే రాయకుండా ఇన్నాళ్లు ఆగడానికి కారణం, ఒక్క పిచ్చుకైనా వాటిమీద వాలుతుందేమోనని రోజూ ఉదయం నడకకు వెళ్లినప్పుడు చూస్తూ ఉండడమే. ఒక్కటీ వాలలేదు. రెండు గిన్నెలకు చీమలు పట్టాయి, మిగిలిన వాటిలో నూకలు తడిసి ముక్కిపోయాయి. గింజల వాసనకు పిట్టలు వాటంతటవే వస్తాయని ఒక అధికారి చెప్పినట్టు ఆ వార్తలో ఉంది. అచ్చు వేసే ముందు ఆ మాట నిజమో కాదో మీ విలేకరి కనుక్కోవలసింది.

న్యూజీలాండ్‌లోని కివి పక్షి ముక్కు కొసన ఉన్న రంధ్రాలతో మట్టిలోని పురుగును వాసన పడుతుంది, అమెరికాలోని టర్కీ రాబందు చెట్ల కింద కనబడని కళేబరాన్ని పైనుంచే పసిగడుతుంది. మన పెరటి పిచ్చుక సంగతి అది కాదు. అది ప్రధానంగా చూపు మీద, దానితోపాటు తోటి పిచ్చుకల మీద ఆధారపడుతుంది. ఒక పిట్ట చేసిన పనిని చూసి మరొకటి అటు మళ్లుతుంది. ఇంగ్లండులో ఇళ్ల గుమ్మాల ముందు పెట్టిన పాలసీసాల మూతలు పొడిచి మీగడ తినే చిన్న పిట్టల గురించి 1921లో సౌతాంప్టన్ దగ్గర మొదట నమోదైంది. తరువాతి మూడు దశాబ్దాలలో ఆ అలవాటు ఆ దేశమంతటా కనబడింది.

మా పెంకుటింటి చూరుకు ఏటా వరికంకుల కుచ్చు కడతాను. నిరుడు కట్టిన మూడు రోజుల దాకా దాని జోలికి ఏ పిట్టా రాలేదు. నాలుగో రోజు గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగ పిచ్చుక ఒకటి దండెం తీగ మీద వాలి, చాలాసేపు అటూ ఇటూ చూసి, కుచ్చు మీదికి ఎగిరి రెండు గింజలు లాగి, మళ్లీ తీగ మీదికి వచ్చి కిచకిచమంది. మధ్యాహ్నానికి పది పన్నెండు చేరాయి. డేగ నీడ పడితే క్షణంలో దూరడానికి పక్కనే గోరింట పొద ఉండబట్టే అవి ధైర్యంగా తిన్నాయి. మన పెద్దలు కోతల తరువాత గుడి మండపాలకు, ఇంటి చూరులకు కుచ్చులు కట్టింది ఇది ఎరిగే. కంకి దూరానికి కనబడుతుంది, తొక్కుడు పడదు, వానకు తడవదు.

పార్కులోనూ చుట్టూ గోరింట పొదలు ఉండేవి. అందం కోసమంటూ వాటిని వేళ్లతో సహా పెకలించి గచ్చు చేశారు. వద్దని అర్జీ ఇచ్చాను. రసీదు వచ్చింది గాని జవాబు రాలేదు. ఇప్పుడు అదే బోడి గచ్చు నడుమ స్తంభాలు పాతి పిట్టలను రమ్మంటే ఎలా వస్తాయి? పైగా పిచ్చుక తన పిల్లలకు మొదట పెట్టేది గింజలు కాదు, మెత్తని పురుగులు. పచ్చగడ్డి లేకుండా చేసి, ఉన్న కాస్త పచ్చదనం మీద మందు కొట్టిస్తే ఆ పురుగులు ఎక్కడ దొరుకుతాయి? ఏ దినోత్సవానికైనా ఇదే వరస. ఆ రోజు ఫొటోలు, ప్రసంగాలు ఉంటాయి, మరునాటి నుంచి పట్టించుకునే నాథుడు ఉండడు. ముక్కిన గింజల వల్ల, రెట్టలు పడిన గిన్నెల వల్ల పిట్టలకు రోగాలు అంటుకుంటాయి కాబట్టి, కడిగే మనిషిని పెట్టకుండా గిన్నెలు కట్టడం వాటికి కీడు చేయడమే.

ఆ గిన్నెలను వెంటనే తీసి, శుభ్రం చేసి, తూర్పు ప్రహరీ పక్కన మిగిలిన కాగితపు పూల తీగకు దగ్గరగా, నీడలో కట్టించాలని అధికారులను కోరుతున్నాను. వాసన మాటను సవరిస్తూ మీరు నాలుగు వాక్యాలు ప్రచురించాలని మనవి. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలు వస్తాయి. రైతులు తలా పిడికెడు కంకులు ఇస్తే పార్కుకు సరిపోతుంది. కుచ్చు అల్లడం తెలిసినవారు మా వీధిలోనే ఇద్దరున్నారు. కబురు చేస్తే నేనే వెంటబెట్టుకొని వస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా