దుబాయి వీసా వస్తే పన్ను పోదు

సంపాదకుడికి నమస్కారం.

‘దుబాయిలో కంపెనీ పెట్టండి, రూపాయి పన్ను కట్టనక్కర్లేదు’ అనే ప్రకటనలు యూట్యూబ్ ఛానళ్లు, ఆన్‌లైన్ కోర్సులు నడిపే మన పిల్లల ఫోన్లలో విపరీతంగా కనిపిస్తున్నాయి. నేను గుంటూరులో ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నాను. సంపాదన కోసం దేశం దాటడం తప్పు కాదు, చట్టం దానికి అడ్డు చెప్పదు. సగం నిజం చెప్పి పంపించే ఏజెంట్ల మీదే నా అభ్యంతరం.

వంటల ఛానల్ నడిపే ఒక యువ జంట దసరా ఇంట్లో చేసుకుని అక్టోబరులో దుబాయి వెళ్లింది. అక్కడి లైసెన్సు, నివాస వీసా, బ్యాంకు ఖాతా అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. సెప్టెంబరు 30కే 183 రోజులు నిండిపోతాయి. 182 రోజులు దేశంలో ఉన్నవారు పన్ను లెక్కలో ఆ ఏడాదికి ఇక్కడి నివాసులే. దాంతో మార్చి దాకా దుబాయి ఖాతాలో పడిన సొమ్ము కూడా ఇక్కడి ఆదాయంలో కలిసింది. ఆ ఖాతాను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలని కూడా వారికి ఎవరూ చెప్పలేదు. సెప్టెంబరు మధ్యలోనే బయలుదేరి ఉంటే లెక్క వేరుగా ఉండేది. ఫీజు తీసుకున్న ఏజెంటుకు ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?

వెళ్లాక కూడా లెక్క తీరదు. 2020లో వచ్చిన సవరణ ప్రకారం ఇక్కడి ఆదాయం 15 లక్షల రూపాయలు దాటిన భారత పౌరుడు, నివాసం కారణంగా మరే దేశంలోనూ పన్ను పరిధిలోకి రాకపోతే, ఇక్కడ ఒక్క రోజు లేకపోయినా నివాసిగానే లెక్క. అంత ఆదాయం ఉన్నవారు సంక్రాంతికి, పెళ్లిళ్లకు, షూటింగులకు వచ్చిపోయే రోజులు 120కి చేరినా జాగ్రత్త పడాలి. ఎడిటింగ్, ఖాతాలు, నిర్ణయాలు అన్నీ హైదరాబాదులోని అన్నయ్య చూస్తూ ఉంటే, వ్యాపారాన్ని నడిపేది ఇక్కడి నుంచే కదా అని అధికారి అడుగుతారు, అడగాలి కూడా. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ రోజుల లెక్కలు దాదాపు అలాగే ఉన్నాయి.

అసలు దుబాయిలో పన్ను సున్నా అన్నదే పాతమాట. యూఏఈలో 2023 జూన్ నుంచి కార్పొరేట్ పన్ను ఉంది. 3.75 లక్షల దిర్హాములు మించిన లాభంపై 9 శాతం. సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తి టర్నోవరు ఏడాదికి 10 లక్షల దిర్హాములు దాటితే అతనూ దాని పరిధిలోకి వస్తాడు.

మన తెలుగు ఛానళ్లకు గట్టిగా తగిలే దెబ్బ మరొకటి ఉంది. అమెరికాలోని ప్రేక్షకుల వల్ల వచ్చే ఆదాయంపై యూట్యూబ్ 2021 జూన్ నుంచి అక్కడి పన్నును ముందే కోసుకుంటోంది. భారత్‌కు అమెరికాతో పన్ను ఒప్పందం ఉంది కనుక, వివరాలు సరిగా ఇచ్చిన ఇక్కడి నివాసికి కోత 15 శాతం. యూఏఈకి అలాంటి ఒప్పందం లేదు కనుక అక్కడికి మారినవారికి 30 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు చూడబట్టే ఆదాయం నిలబడుతున్న ఛానళ్లకు ఇది చిన్న మొత్తం కాదు.

ఆదాయపు పన్ను శాఖకు నా విన్నపం ఇది. విదేశాలకు మారే ఆన్‌లైన్ వ్యాపారుల కోసం తెలుగులో, ఉదాహరణలతో ఒక కరపత్రం వేయండి. రోజుల లెక్క, సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవడం, అక్కడి పన్ను నివాస ధ్రువపత్రం తెచ్చుకోవడం, ఈ మూడూ అందులో ఉంటే చాలు. ప్రవాసుల కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ, తెలంగాణ ఎన్నారై విభాగం దాన్ని ఊరూరా చేరవేయవచ్చు. ‘పన్ను సున్నా’ అని ప్రకటించే ఏజెంట్లు భారత పన్ను షరతులను కూడా అదే ప్రకటనలో చెప్పాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. మీ పత్రిక కూడా వేసవిలోనే ఒక పన్ను నిపుణుడితో పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెప్పిస్తే, సెప్టెంబరుకు ముందే నిర్ణయం తీసుకోవాల్సినవారికి సమయం మిగులుతుంది.

– ఒక పన్ను సలహాదారు, గుంటూరు