గుట్ట మీద కంప తీస్తున్నాం, వానలకు రా

దోస్త్,

నిన్న ఫోన్ మధ్యలోనే కట్ అయింది, చెప్పాల్సింది సగం మిగిలిపోయింది. గుట్ట మీద ఎన్ని మొక్కలు నాటుతున్నారని అడిగావు కదా. ఈసారి నాటేది తక్కువే రా, పీకే పనే ఎక్కువ.

నువ్వు చూసిన గుట్ట ఇప్పుడు లేదు. తునికి పండ్లు, బలుసు పండ్లు తింటూ పైదాకా ఎక్కేవాళ్లం, ఇప్పుడు సగం ఎత్తు వరకు లాంటానా పొదలు, కింద కుంట చుట్టూ సర్కారు తుమ్మ. మనిషి సంగతి అటుంచు, మేక కూడా దూరలేదు. లాంటానాను 1800ల మొదట్లో తెల్లదొరలు పూల కోసం తోటల్లో పెట్టారు, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. సర్కారు తుమ్మ కూడా అటునుంచి వచ్చిందే, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. లాంటానా గింజలను పికిలిపిట్టలు మోస్తాయి. తుమ్మకాయ తియ్యగా ఉంటుందని గొర్రెలు, మేకలు తింటాయి, గింజ అరగదు, పెంటికలో పడి ఎక్కడంటే అక్కడ మొలుస్తుంది. లాంటానా ఆకు తిన్న పశువుకు కాలేయం చెడిపోతుంది, ఎండలో నిలబడితే తోలు కూడా పగులుతుంది.

లాంటానాను గొడ్డలితో నరికితే లాభం లేదు, నాలుగు చినుకులు పడితే మొదట్లోంచి గుత్తులుగా పిలకలు వస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారి బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో చేసి చూపించిన పద్ధతి ఉంది, మేం అదే పాటిస్తున్నాం. పిలకలు పుట్టేది కాండం, వేరు కలిసే చోట. అందుకే గడ్డపారతో మొదలు చుట్టూ మట్టి తీసి, ఆ చోటుకు కొంచెం కింద తల్లివేరు నరికి, మొక్కను తలకిందులుగా పెట్టి ఎండబెట్టాలి. కాయ పండకముందే చేయాలి. సాయంత్రానికి చేతులన్నీ గీరుకుపోతాయి, ఆ ఆకు ఘాటు స్నానం చేసినా వదలదు. తుమ్మ మొద్దులైతే ఇంకా మొండివి. కుంట పక్క చదును నేలలో జేసీబీతో లాగిస్తున్నాం, వాలు మీద జేసీబీ పెడితే ఉన్న మట్టి కూడా వానకు కొట్టుకుపోతుంది కాబట్టి అక్కడ మనిషి చేత్తోనే తవ్వాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మొన్న రోహిణి కార్తెలో ఒక మంచి వాన పడ్డది. కంప తీసిన చోటికి పోయి చూస్తే ఎవరూ నాటని మోదుగ, బిల్లు, తునికి చిగుర్లు! ఒక తునికి చిగురు ఎర్రగా, నూగుతో, నాలుగు వేళ్లంత ఉంది. పక్కన మట్టి కొంచెం జరిపితే దాని వేరు నా మణికట్టంత లావు. ఇన్నేళ్లు కంప కింద నీడలో అది బతికే ఉంది రా, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అందుకే వేర్లు ఉన్న చోట మనం గుంత తీయకూడదని గట్టిగా చెప్తున్నాను. వేర్లు ఏమీ మిగలని చోట మాత్రం సోమి, నల్లమద్ది, ఏగిస, రేల, బండల మీద తపసి పెడతాం. నీలగిరి, కోనోకార్పస్ మొక్కలు ఊరికే ఇస్తామన్నా వద్దన్నాను.

హరితహారం 2015లో మొదలైనప్పటి నుంచి మొక్కల లెక్క అందరూ అడుగుతారు, ఫొటో కూడా దిగుతారు. తీసిన చోట మళ్లీ వచ్చే లాంటానా పిల్లమొక్కలను, ముఖ్యంగా పిట్టలు వాలే చెట్ల కింద, వరసగా మూడు నాలుగేళ్లు పీకాలి కదా, దానికి కూలి ఎక్కడిదంటే ఎవరూ మాట్లాడరు. నాకు ఉన్న టెన్షన్ అంతా అదే.

ఊళ్లో ఒక పంచాయితీ కూడా అయింది. సర్కారు తుమ్మతో బొగ్గు కాల్చి బతికేవాళ్లు ఉన్నారు కదా, అంతా ఒకేసారి తీస్తే మేమేం తినాలన్నారు. వాళ్లు అన్నది న్యాయమే. అందుకే పైనుంచి ఒక్కో పట్టీగా దిగుతున్నాం, వచ్చిన కట్టె వాళ్లకే, కుంట అవతలి ఒడ్డు తుమ్మను ఇప్పుడే ముట్టుకోం. కౌజుపిట్టలు, కుందేళ్లు ఆ పొదల్లోనే ఉంటాయి, వాటికీ కొంత జాగా ఉండాలి. గొల్లవాళ్లు తీసిన పట్టీల్లోకి రెండు వానకాలాలు మందను తోలబోమని ఒప్పుకున్నారు, ఒప్పించడానికి మా పెద్దనాన్న చాలా తిరిగాడు.

నీతో ఒక పని ఉంది. మీ అత్తగారి ఊరు మన్ననూరు వైపే కదా. అక్కడి చెంచువాళ్ల దగ్గర ఈ ఎండాకాలం ఏరిన మొర్రి గింజలు, అదే సారపప్పు గింజలు, దొరికితే, పప్పు తీయకముందే ఒక రెండు కిలోలు కొని పంపు. ఎంత అడిగితే అంత ఇవ్వు, బేరం ఆడకు, డబ్బులు నేను ఫోన్‌పే చేస్తా. ఆ గింజ నిలవ ఉంటే మొలవదు, వెంటనే బస్సులో వేసెయ్. మిరుగం కార్తె దాటాక ఏ ఆదివారమైనా నువ్వూ రా, పూర్తి చేతుల చొక్కా వేసుకుని రా, మీ ఇంట్లో ఉన్న గడ్డపార కూడా తీసుకురా, ఇక్కడివి సరిపోవట్లేదు.

నీ దోస్త్