పాత కారుకు అసలు ధర ఏది?

సంపాదకులకు,

అయ్యా,

రవాణా శాఖ కార్యాలయంలో కౌంటరు దగ్గర నన్ను అడిగిన ప్రశ్న చిన్నదే. "ఈ బండి కొన్నప్పటి ఇన్వాయిస్ ఏది సార్?" బండి 1966 నాటిది. ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎంజీబీ, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నీలగిరి తేయాకు తోటలో మేనేజరుగా ఉన్న ఒక ఆంగ్లేయుడు ఓడలో తెప్పించుకుని, స్వదేశానికి వెళ్ళిపోతూ 1974లో మా మేనమామకు అమ్మాడు. మామయ్య పోయాక అది నా దగ్గరికి చేరింది. మద్రాసు నంబరుతో ఉన్న ఆ కారును ఎన్‌ఓసీ (పాత చోటి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చి హైదరాబాదులో నమోదు చేయించాలన్నది నా ప్రయత్నం. చేతిలో ఉన్నది అంచులు చిరిగి కుట్టు ఊడిన ఆర్‌సీ పుస్తకం ఒక్కటే. అందులో ఇంజిన్ నంబరు ఉంది, ఛాసిస్ నంబరు ఉంది, రంగు ఉంది, యజమానుల పేర్లు ఉన్నాయి. ధర మాత్రం లేదు.

ధర తెలియనిదే, నమోదప్పుడు ఒకేసారి కట్టే జీవితకాల పన్ను తేలదు. ఆ పన్ను బండి ధరలో ఇంత శాతమని ఉంటుంది కదా. 2022 మేలో తెలంగాణ శ్లాబులు మార్చినప్పుడు కొత్త కారు 5 లక్షల లోపుదైతే 13 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం అన్నారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చే పాత బండికి వయసును బట్టి శాతం తగ్గుతుంది. తగ్గితే సంతోషమే. కానీ దేని మీద శాతం?

కౌంటరులోని గుమస్తా మర్యాదస్థుడు, నన్ను తిప్పి పంపాలని చూడలేదు. కంప్యూటర్లో కంపెనీల జాబితా తెరిచి, కిందికి జరుపుకుంటూ పోయి 'ఎంజీ' దగ్గర ఆగాడు. తెర మీద హెక్టర్ కనిపించింది. 2019లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఎస్‌యూవీ అది, గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతుంది. పాత బ్రిటిష్ కంపెనీ పేరును ఒక చైనా సంస్థ సొంతం చేసుకుంది. ఇంటిపేరు ఒకటే తప్ప నా కారుతో దానికి చుట్టరికం లేదు. "దగ్గరగా ఉన్నది ఇదే సార్, దీని ధర వేసుకుందామా?" అన్నాడు. పైకప్పుకు పెద్ద అద్దం ఉండటం దాని ప్రత్యేకతట. నా కారుకైతే పైకప్పునే మడిచి వెనక్కి పెట్టుకోవచ్చు. నేను ఒప్పుకోలేదు. ఆయన నొచ్చుకోకుండా, "అయితే ఆనాటి ధర రుజువు తీసుకురండి" అన్నాడు.

ఇంటికి వచ్చి కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. 1962లో ఎంజీబీ విడుదలైనప్పుడు బ్రిటన్‌లో దాని ధర 690 పౌండ్లు, అక్కడి కొనుగోలు పన్ను కలిపితే 950 దరిదాపు. పన్ను లేని ధరనే తీసుకుందాం. దాన్ని రూపాయల్లోకి మార్చాలి. 1966 జూన్ 6కు ముందు పౌండుకు 13 రూపాయల 33 పైసలు. ఆ రోజు మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించడంతో పౌండు 21 రూపాయలైంది. 1967 నవంబరులో బ్రిటన్ తన పౌండు విలువ తగ్గించుకుంటే 18కి దిగింది. అంటే ఒకే కారు మొదట సుమారు 9,200 రూపాయలు, తరువాత 14,490, ఆ తరువాత 12,420. మా ఆంగ్లేయుడు కారును ఏ నెలలో కొన్నాడో, ఓడ మద్రాసు రేవుకు ఏ నెలలో చేరిందో చెప్పగలవారు ఎవరూ మిగల్లేదు. రేవులో కట్టిన సుంకాన్ని ధరలో కలపాలా వద్దా అన్నది మరో చిక్కు. నేటి మారకపు రేటు వేస్తామంటే అదే 690 పౌండ్లు 80 వేల రూపాయలు దాటుతాయి. ఇవేవీ కాదు, ఇవాళ అమ్మితే వచ్చే ధర చెప్పమంటే, అది కొనేవాడి మోజును బట్టి ఉంటుంది.

నిజం ఒప్పుకోవాలి. 14,490 రూపాయల మీద 13 శాతం కట్టినా పన్ను రెండు వేలు దాటదు. అది నాకు లాభమే, ఖజానాకు అన్యాయం. హెక్టర్ ధర మీద కడితే అన్యాయం అటు నుంచి ఇటు మారుతుంది, అంతే.

కస్టమ్స్ వారు ఇలాంటి ముడిని ఎప్పుడో విప్పుకున్నారు. విదేశాల నుంచి నివాసం మార్చుకుని వచ్చేవారి పాత కార్లకు, తయారైన ఏడాది కొత్త ధర తీసుకుని తరుగుదల తీసేస్తారు. మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3, మూడో ఏడాది రెండున్నర, ఆపైన 2 చొప్పున, మొత్తం 70 శాతం మించకుండా. బాగుందో లేదో గాని లెక్కంటూ ఒకటి ఉంది. కౌంటరుకు ఒక ధర చొప్పున పలకదు.

ఇది డబ్బున్నవారి ముచ్చట, దీనికి పత్రికలో చోటెందుకని మీ పాఠకులు అనుకోవచ్చు. ఆ అనుమానానికి కారణముంది. 2002లో సచిన్ టెండూల్కర్‌కు కానుకగా వచ్చిన ఫెరారీకి 1.13 కోట్ల సుంకం మాఫీ చేయబోతే దేశమంతా కోపగించింది, చివరికి ఆ సొమ్ము అప్పటి ఫెరారీ మాతృసంస్థ ఫియట్ కట్టింది. ఆ కోపం న్యాయమైనదే. నేను మాఫీ అడగడం లేదు. పైగా ఇన్వాయిస్ లేనిది నా ఒక్కడి దగ్గరే కాదు. మిలటరీ వేలంలో తాత కొన్న డిస్పోజల్ జీపును దాచుకున్న రైతు దగ్గరా ఉండదు, మైసూరు జావా మోటారు సైకిల్‌ను తండ్రి గుర్తుగా ఉంచుకున్న ఉద్యోగి దగ్గరా ఉండదు.

కేంద్రం 2021 జులైలో 50 ఏళ్ళు దాటిన వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అక్షరాలు, కొత్త నమోదుకు 20 వేల రుసుము, పదేళ్ళ తరువాత పునరుద్ధరణకు 5 వేలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సమయంలో కస్టమ్స్‌కు సమర్పించే పత్రం), ఇదివరకే ఇక్కడ నమోదై ఉంటే పాత ఆర్‌సీ చాలు. ధర ఊసే లేదు. కానీ వాహన పన్ను రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని 57వ అంశం. అందుకే కేంద్రం తెరిచిన తలుపు దగ్గర రాష్ట్రం తాళం వేసి ఉంది.

జర్మనీలో 30 ఏళ్ళు దాటిన కార్లు చారిత్రక వాహనాలుగా నమోదైతే ఏటా 191 యూరోల 73 సెంట్లు కడతాయి, చిన్న కారైనా పెద్ద కారైనా. ఐర్లండులో నమోదు పన్ను మామూలుగా మార్కెట్ ధర మీద ఉంటుంది, 30 ఏళ్ళు దాటిన బండికి మాత్రం 200 యూరోలు, అంతే. ధర వెతకడానికి అయ్యే శ్రమ పన్ను కన్నా ఎక్కువని వారు గ్రహించారు.

మన రెండు తెలుగు రాష్ట్రాలూ 50 ఏళ్ళు దాటిన వాహనాలకు ఒక స్థిరమైన మొత్తం నిర్ణయించాలి. కారుకు 25 వేలు, మోటారు సైకిల్‌కు 5 వేలు అన్నా నేను కిమ్మనకుండా కడతాను. 50 ఏళ్ళ లోపు దిగుమతి బండ్లకు బిల్ ఆఫ్ ఎంట్రీలో రాసిన విలువను, ఆ రోజు రూపాయల్లోనే తీసుకోవాలి. అది లేకపోతే తయారైన ఏడాది కంపెనీ ధరను ఆ ఏటి మారకపు రేటుతో గుణించాలని ఉత్తర్వులో రాయాలి. రవాణా శాఖ కంప్యూటర్ జాబితాలో చివర 'ఇతర పాత వాహనాలు' అని ఒక వరుస చేర్చాలి. వరుస చేర్చడానికి చట్టం కూడా మార్చనక్కర్లేదు. ఆ వరుస వచ్చేదాకా నన్ను వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
సికింద్రాబాద్