తొమ్మిది గళ్ళు వేసి వదిలేయండి, జవాబు పిల్లల్నే కనుక్కోనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో 38,16,54,729 గురించి వేశారు కదా, దాని మీదే ఈ ఉత్తరం. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, అందులో 1 నుంచి 9 దాకా ప్రతి అంకె ఒక్కసారే వస్తుంది, ఎడమ నుంచి 38ని 2తో, 381ని 3తో, 3816ని 4తో, అలా మొత్తం తొమ్మిదంకెల్నీ 9తో భాగించేదాకా ఎక్కడా శేషం మిగలదు, ఇలా కుదిరే నంబర్ ఇదొక్కటే.

నా బాధల్లా జవాబు ముందే చెప్పేశారని. ఏడో క్లాసు చదివే మా మనవరాలు చదివి, ఓహో అని పేజీ తిప్పేసింది. నాకు మనసొప్పక పాత కేలండర్ కాగితం వెనక తొమ్మిది గళ్ళు గీసి, ఆ నంబర్ మర్చిపో, మనమే కడదాం రా అన్నాను. "అయిదో గడిలో 5 తప్ప ఏదీ పట్టదు అమ్మమ్మా, సున్నా లేదుగా" అని వెంటనే అనేసింది. 2, 4, 6, 8 గళ్ళలో సరి అంకెలే రావాలి, అంటే మిగతా వాటికి 1, 3, 7, 9. నాలుగో గడి దగ్గర కాసేపు ఆగింది, ముందు బేసి అంకె ఉంది కాబట్టి 12, 16, 32, 36 అని రాసుకుంటూ పోయి, చివర 2 గానీ 6 గానీ రావాలని తనే పట్టేసింది. మూడంకెలదాకా మొత్తం 3తో పోతుంది, ఆరంకెలదాకా కూడా పోతుంది, అంటే మధ్య మూడూ కూడా 3తో పోవాలి, అలా మధ్యలో 258 లేదా 654 అని తేలింది. ఎనిమిదో గడి కూడా చూశాక, అన్నాల టైముకి పది నంబర్లు మిగిలాయి.

ఆ పదిలో 98,76,54,321 ఉందండీ! వరసగా దిగుతోంది కదా, ఇదే ఇదే అని ఎగిరింది, తీరా 9876543ని 7తో భాగిస్తే 5 మిగిలింది, మొహం వాడిపోయింది పిల్లకి. 7కి మాకు అడ్డదారి ఏదీ తోచలేదు, ఒక్కోటీ భాగించుకుంటూ పోయాం, 3816547 దగ్గర సరిగ్గా 545221 వచ్చింది, అది అరిచిన అరుపుకి వంటింట్లోంచి మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. 9కి లెక్కే అక్కర్లేదు, 1 నుంచి 9 దాకా కూడితే 45, ఎలా పేర్చినా పోతుంది.

అందుకని సార్, ఈసారి 142857 వేసి, 2 నుంచి 6 దాకా వరసగా గుణించి చూడమని మాత్రం రాయండి. అవే అంకెలు గుండ్రంగా తిరుగుతాయని మీరు చెప్పొద్దు, 7తో గుణిస్తే 999999 వస్తుందనీ చెప్పొద్దు. డిసెంబర్ 22న రామానుజన్ పుట్టినరోజుకి కూడా హార్డీ ఎక్కొచ్చిన టాక్సీ నంబర్ 1729 అనే కథతో ఆపకుండా, ఆ 1729ని రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయమని ఖాళీ గళ్ళు ఇవ్వండి. జవాబులు మాత్రం తర్వాతి ఆదివారం దాకా వేయకండి.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక అమ్మమ్మ