ర్యాంకు వచ్చినా టీసీ రాకపోతే చేరేదెలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్‌లో ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో పీజీ సీటు కూడా పొంది, డిగ్రీ చదివిన కళాశాల టీసీ ఇవ్వనందువల్ల చేరలేకపోతున్న పేద విద్యార్థుల విషయాన్ని మీ పత్రిక ద్వారా విశ్వవిద్యాలయాల దృష్టికి, ఉన్నత విద్యామండలి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి ప్రవేశాలప్పుడు ఏటూరునాగారం వైపు గూడెం నుంచి వచ్చిన ఒక కోయ విద్యార్థినికి తోడుగా హనుమకొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలకు వెళ్లాను. గుమస్తా రిజిస్టరు తిరగేసి, ఆమె టీసీ దరఖాస్తు వెనకే పెన్సిలుతో రెండేళ్ల ఫీజు కూడి చూపించి, "రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా, ఇప్పటికి మీరు కట్టండి, సర్కారు నుంచి రాగానే తిరిగిస్తాం" అన్నాడు. కసిరి చెప్పలేదు, రోజూ ఎంతోమందికి చెప్పే మాట కావడంతో ఆయనకు అలవాటైపోయింది. పోడు భూమిలో మిర్చి వేసుకునే ఆ తండ్రి రిపోర్టింగ్ గడువులోగా అంత సొమ్ము తేవాలంటే, ఇంకా కోతకు రాని పంట మీద వ్యాపారి దగ్గర అప్పు చేయాలి. ఆయన చేయలేదు. సీటు తర్వాతి విడతకు పోయింది.

ఇలా పోయిన సీటు రికార్డుల్లో "రిపోర్ట్ చేయలేదు" అని మాత్రమే ఉంటుంది. రిజర్వేషన్ ప్రకారం కేటాయింపు జరిగినట్టే లెక్క. ఎందుకు చేరలేదని అడిగే గడి ఏ ఫారంలోనూ నాకు కనిపించలేదు. పైగా సీట్లు నిండలేదన్న కారణంతో రేపు ఆ కోర్సుకే ఆదరణ లేదంటారు.

కళాశాలలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు యాజమాన్యాలు 2025 నవంబరులో బంద్‌కే దిగాయి. జీతాలందని అధ్యాపకులూ ఉన్నారు. అయితే అది కళాశాలకూ ప్రభుత్వానికీ మధ్య లెక్క. దానికి విద్యార్థి కాగితాలను తాకట్టుగా ఉంచుకోవడం ఏమిటి? ప్రవేశం పొందిన విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. టీసీని ఆపినా ఫలితం అదే కదా.

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయాన్నే తీసుకుంటే, ఆ అమ్మాయి వంటి వారు చదివిన కళాశాల దాని అనుబంధ కళాశాలే. పరీక్ష పెట్టిందీ, మార్కులు వేసిందీ, ఫలితం ప్రకటించిందీ విశ్వవిద్యాలయమే. హాల్‌టికెట్ నంబరు కొడితే తన పరీక్షల విభాగంలోనే తేలే విషయాన్ని బకాయి రావలసిన కళాశాల నుంచి కాగితంగా తెమ్మనడం దేనికి? డిజిలాకర్‌లోని మార్కుల పత్రాలను చెల్లుబాటుగా అంగీకరించాలని యూజీసీ 2022లో విశ్వవిద్యాలయాలను కోరింది కూడా. ఇక టీసీ ఒక్కటే మిగులుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పెండింగులో ఉన్నట్టు ప్రభుత్వ ఉపకారవేతనాల వెబ్‌సైటు ఈ-పాస్ వివరాల్లో కనిపించే విద్యార్థుల నుంచి హామీపత్రం తీసుకుని, మొదటి సెమిస్టరు ముగిసేదాకా తాత్కాలిక ప్రవేశం ఇవ్వవచ్చు. ఈలోగా టీసీ తెప్పించే బాధ్యత విశ్వవిద్యాలయం తీసుకోవాలి, అనుబంధ కళాశాల దాని మాట వింటుంది గానీ గూడెం నుంచి వచ్చిన తండ్రి మాట వినదు.

ఈ వెసులుబాటును వచ్చే సీపీగెట్ నోటిఫికేషన్‌లోనే చేర్చాలని, కౌన్సెలింగ్ మొదలయ్యాక సర్క్యులర్‌గా ఇస్తే ఏజెన్సీ గ్రామాలకు అది చేరేసరికి గడువు దాటిపోతుందని సంబంధిత అధికారులకు విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ