పాప పుట్టువెంట్రుకల ఫొటోను దక్కించినవాళ్లందరికీ

మొన్న నేను సాయం అడిగితే పలికిన ప్రతి ఒక్కరికీ ముందుగా నమస్కారం. ఫొటో ప్రింటై ఇంటికొచ్చింది. ఈసారి అందులో మా పిల్లలే ఉన్నారు.

అప్పుడు చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. తిరుమలలో పాప తలనీలాలు ఇచ్చేముందు, ఆ ఉంగరాల జుట్టుతో అన్నాచెల్లెళ్లకు ఒక మంచి ఫొటో ఉండాలని స్టూడియోలో తీయించాం. కొండ నుంచి వచ్చాక ఫ్రేము చేతికిచ్చారు. ఇద్దరి ముఖాలూ తెల్లగా, మైనం బొమ్మల్లా నున్నగా ఉన్నాయి. పాప బుగ్గన నేను పెట్టిన దిష్టిచుక్కను మచ్చనుకుని తుడిచేశారు. వెనకాల ఏదో రాజమహలు అతికించడానికి పిల్లల్ని కత్తిరించడంలో చెవుల పక్కనుండే ఉంగరాలన్నీ పోయాయి. ఏ జుట్టు కోసం తీయించామో ఆ జుట్టే లేదు! మళ్లీ తీయిద్దామంటే పాపకు గుండు.

"ఆ ఫొటోను బాగుచెయ్యాలని చూడకండి, కెమెరాలోని అసలు ఫైళ్లు అడగండి" అని మొట్టమొదట చెప్పిన అక్కకు ఎంత రుణపడ్డానో. నున్నగా చెరిపేసిన చర్మాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదనీ, తెచ్చినట్టు కనిపించినా అది కల్పించిందేననీ ఓపిగ్గా వివరించారు. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటే, కెమెరా దాచే అసలు ఫైలు, అంటే 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయట. రంగు సరిదిద్దడానికి చోటుండేది అక్కడే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని చెప్పిన లాయరుగారికీ కృతజ్ఞతలు. ఆ మాట ఎత్తే అవసరం రాలేదు. మర్యాదగా అడిగితే స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు.

ఇక ఆ ఫైళ్ల నుంచి ఫొటోను సరిచేసిచ్చిన హైదరాబాద్ అన్నయ్య పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్లాష్ వెలుగులో ట్యూబ్‌లైటు వెలుగు కలిసి పిల్లల మీద ఆకుపచ్చ ఛాయ పడిందని చూడగానే పట్టేశారు. రంగు సరిదిద్దడానికి బాబు పంచె తెలుపును ఆధారంగా తీసుకుంటారనుకున్నాను. నీలిమందు పెట్టిన బట్టలో నీలం ఉంటుంది, దాన్ని తెలుపనుకుంటే ముఖాలు పసుపు తిరుగుతాయి అని చెప్పి, వెనకున్న బూడిదరంగు కాగితాన్ని ఆధారం చేసుకున్నారు. ఆ కాగితాన్నే బ్యాక్‌గ్రౌండ్‌గా ఉంచేశారు. కత్తిరింపే లేకపోవడంతో ఒక్క వెంట్రుక కూడా పోలేదు. బాబు కళ్లు మూసుకున్నది పక్కనపెట్టి, చెల్లెలి వంక చూస్తున్న ఇంకో ఫొటో ఎంచారు. పాపను వెనక నుంచి పట్టుకున్న మా అత్తయ్య చెయ్యి, గాజులతో సహా, అంచున పడింది. "తీసెయ్యనా అమ్మా?" అని అడిగారు. ఉంచమన్నాను. అది వాళ్ల నానమ్మ చెయ్యి కదా.

అన్నిటికన్నా నాకు నచ్చింది, పిల్లల రంగు జోలికి ఆయన వెళ్లకపోవడం. మా పాపది చామనఛాయ. అత్తయ్యది అచ్చం అదే రంగు, ఇప్పుడు ఫొటోలో చెయ్యీ చెంపా పక్కపక్కనే ఉంటే తెలిసిపోతుంది. అడగకుండానే పసివాళ్లను తెల్లగా చేసే అలవాటు స్టూడియోలు మానుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

12 బై 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చొప్పున 3600 బై 5400 పిక్సెళ్లు కావాలనీ, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది కాబట్టి ల్యాబుకు పెన్‌డ్రైవే ఇవ్వమనీ, గ్లాసీ కాకుండా మ్యాట్ కాగితం అడగమనీ చెప్పిన తమ్ముడికి కూడా థ్యాంక్స్. చెప్పినట్టే చేశాం. దిష్టిచుక్క గుమ్మంలోంచే కనిపిస్తోంది.

అన్నయ్యా, డబ్బులు వద్దన్నారు, సరే. మీ కోసం ఒక ప్రింటు వేయించి పెట్టాను, దాంతోపాటు అత్తయ్య చేసిన సున్నుండలు పంపుతాం. అడ్రసు మెసేజ్ చెయ్యండి, ఇది మాత్రం కాదనకండి.