నదిని చూపిస్తానని రోడ్డు చూపించాను

ముందు పైసల సంగతి చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. మొన్న ఆగస్టులో మాతో శ్రీశైలం డ్యాం సైకిల్ రైడుకు వచ్చిన పదకొండు మందిలో ఎనిమిది మందికి కట్టిన డబ్బంతా వాపసు వేశాను. ఇంకా ముగ్గురున్నారు. వాళ్లకు దసరా లోపల పడతాయి. ఫోన్ చేసి చెప్పాను కూడా. అయినా నలుగురిలో రాసుకుంటే నాకే కొంచెం భయం ఉంటుందని ఇక్కడ పెడుతున్నాను.

అచ్చంపేటలో మా సైకిల్ షాపు చూసినవాళ్లకు గోడ మీది పోస్టరు గుర్తుండే ఉంటుంది. ‘కృష్ణమ్మ లోయ వెంట సైకిల్ మీద’ అని పెద్దక్షరాలు, కింద గేట్లెత్తిన డ్యాం ఫోటో. మూడేళ్లుగా ఆ ఫోటోతోనే బుకింగులు వచ్చాయి. ఆ పోస్టరు నిన్న చింపేశాను. అందులో ఉన్నది పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు.

రోజూ ఆ దారి తొక్కే నాకు తెలుసు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు తెలియదు. రంగాపూర్ దాటి మన్ననూరు ఘాటు ఎక్కాక రోడ్డు గుట్టల నెత్తి మీదనే పోతుంది. కృష్ణ ఎక్కడో అడవి అవతల, కొండల మధ్య, వందల అడుగుల కింద ఉంటుంది. మన్ననూరు నుంచి డ్యాం దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు దారిలో చివరి మలుపుల్లోకి వచ్చేదాకా నీటి చుక్క కనబడదు. టేకు చెట్లు, వెదురు, కోతులు, ఆర్టీసీ బస్సులు, అంతే. వటవర్లపల్లి దగ్గర ఒకాయన సైకిల్ దిగి, "అన్నా, ఇంతకీ నది యాడుంది?" అని అడిగాడు. అప్పుడే ఒక కోతి ఆయన హ్యాండిల్‌కు తగిలించిన సంచిలోంచి అరటిపండ్లు తీసుకుని చెట్టెక్కింది. అందరూ నవ్వారు. ప్రశ్నకు జవాబు చెప్పే పని తప్పిందని నేనూ నవ్వాను.

ఫరహాబాద్ వ్యూపాయింట్ నుంచి అడవి కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. కానీ అక్కడికి అటవీ శాఖ సఫారీ బండ్లలోనే పోవాలి, జులై నుంచి సెప్టెంబరు దాకా అదీ బంద్. నేను టూరు పెట్టింది ఆగస్టులో. అంటే చూడదగ్గది మూసి ఉన్న నెలలో చూపిస్తానని పిలిచాను.

ఇక ఆ రోజు సంగతి. డ్యాం నిండే మట్టం 885 అడుగులు. దానికి దగ్గరపడితే గేట్లెత్తుతారు, ఎత్తారన్న కబురు వాట్సాప్‌లో తిరిగిందంటే ఆదివారం హైదరాబాద్ సగం ఇటే వస్తుంది. ఈగలపెంట దిగువ మలుపుల్లో కార్లు రెండు వరుసలుగా ఆగిపోయాయి. సైకిళ్లు సందుల్లోంచి దూరి కిందికి పోగలిగాయి. వెనక వస్తున్న మా బొలెరో మాత్రం కదల్లేదు. నీళ్లు, మందుల డబ్బా, స్పేరు ట్యూబులు, తిండి అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిలో కొన్ని నా దగ్గర, కొన్ని వెనకవాళ్ల దగ్గర పెట్టుకోవాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

మూడో మలుపులో వనపర్తి నుంచి వచ్చిన టీచరమ్మ ముందు టైరు తుపాకీ పేలినట్టు పేలింది. ఆమె వేగంలో లేదు, భయపడి పైనుంచి బ్రేకు వదలకుండా పట్టుకుని వచ్చింది, అదే కారణం. మా పాత సైకిళ్లకు ఉన్నది రిమ్ బ్రేకు. రెండు రబ్బరు ముక్కలు చక్రం అంచును నొక్కి పట్టుకుంటాయి. కిలోమీటర్ల తరబడి అలాగే పట్టుకుంటే అంచు పెనంలా కాలుతుంది, ఆ వేడికి లోపల ట్యూబులో గాలి పొంగుతుంది. నేను దగ్గరికి పోయి రిమ్ము మీద వేలు పెట్టి చటుక్కున తీసుకున్నాను, బొబ్బ లేచింది. ఆమెకు మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. దేవుడి దయ, అవతలి లోయ పక్క పడలేదు. బ్రేకు పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలని పొద్దున ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. నాకు అలవాటైపోయిన పని గనక చెప్పాలనే తోచలేదు.

ట్రాఫిక్ తెగి, అందరినీ బండిలో ఎక్కించి దోమలపెంట చెక్‌పోస్టుకు వచ్చేసరికి తొమ్మిదింపావు. పులుల అడవి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసేస్తారు. మమ్మల్ని వదలలేదు. వదలకపోవడమే సరైంది, అక్కడి సిబ్బంది మీద నాకు ఏ కోపమూ లేదు. పదకొండు మంది రాత్రంతా ఒక టిఫిన్ హోటల్ రేకుల షెడ్డు కింద బెంచీల మీద పడుకున్నారు. హోటలామె పన్నెండు గంటలకు పొయ్యి వెలిగించి ఉప్మా చేసి పెట్టింది, దుప్పట్లు తెచ్చిచ్చింది. డబ్బులిస్తే సగమే తీసుకుంది. (ఈ మధ్య దోమలపెంటకు బ్రహ్మగిరి అనీ, ఈగలపెంటకు కృష్ణగిరి అనీ పేర్లు మార్చారు. ఆ రాత్రి మాత్రం పాత పేరే సరిగ్గా అతికిందని మా వాళ్లందరూ ఒళ్లు గోక్కుంటూ ఒప్పుకున్నారు. అసలు పెంట అంటే చెంచుల గూడెం, మనం అనుకునే చెత్త కాదు.)

అందుకే డ్యాం రైడు ఆపేస్తున్నాను. వర్షాకాలంలో మాత్రమే కాదు, మొత్తానికే. మన్ననూరు దాకా ఎక్కి, పక్కనే ఉమామహేశ్వరం చూసుకుని వెనక్కి దిగే పొద్దుటి రైడు ఉంటుంది. అది ఘాటు రైడే, నది రైడు అని ఇకమీద రాయను.

నది చూడాలనుకునేవాళ్లకు కొత్త దారి పెట్టాను. నాగర్‌కర్నూల్ నుంచి పెద్దకొత్తపల్లి, సింగోటం మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల. ఘాటు లేదు, చిన్న చిన్న ఎక్కుడు దిగుడులే. సింగోటం చెరువు గట్టు మీద నర్సింహస్వామి గుడి దగ్గర టిఫిన్. ఎండాకాలం వస్తే దారి పొడుగునా కొల్లాపూర్ మామిడి, ఆ నెలల్లో సైకిళ్లు ఎందుకు నెమ్మదిస్తాయో నేను అడగను. సోమశిల చేరాక నీళ్లు కాళ్ల దగ్గరే ఉంటాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతాయని పాత గుళ్లను రాయి రాయి విప్పి ఎత్తు మీద మళ్లీ కట్టారు కదా, సోమేశ్వరాలయం అలా వచ్చిందే. అవతలి ఒడ్డు సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే బయటికొస్తుంది, మళ్లీ మునుగుతుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కొండల మధ్య నది ఎలా పోతుందో చూడాలంటే సైకిల్ పనికిరాదు, లాంచీ ఎక్కాలి. సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక శాఖ లాంచీ ఉంది, నీళ్లు నిండుగా ఉన్న నెలల్లోనే నడుస్తుంది. సైకిల్ షాపువాడు ఈ మాట చెప్పడం నష్టమే. కానీ రెండో రోజు లాంచీ ఎక్కుతామన్నవాళ్ల సైకిళ్లను మా బండిలో వేసుకుని వచ్చేస్తాం. టికెట్ మీరే కొనుక్కోండి, మధ్యలో నాకేమీ రాదు. చిన్న పడవల్లో మాత్రం లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వను. 2007లో ఈ నీళ్లలోనే పడవ మునిగి పదుల మంది పోయారు. కొల్లాపూర్ వైపు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మనుషుల గొంతు తగ్గుతుంది.

సైకిళ్లు మార్చాను. కొత్తవి ఆరు, డిస్క్ బ్రేకువి, అంటే పట్టు చక్రం అంచు మీద కాదు, నడుమ ఉండే ఇనుప పళ్లెం మీద. వైరుతో పనిచేసేవే తీసుకున్నాను, నూనెవి కాదు. నూనె బ్రేకు ఇంకా బాగా పడుతుంది నిజమే, కానీ అది అడవిలో చెడితే బాగుచేసే దిక్కు లేదు. వైరుదైతే పానా తిప్పి నేనే బిగిస్తాను. గేర్లు కూడా తేడా. పాతవాటికి ముందు చైన్‌వీలుకు 42 పళ్లు, వెనక ఫ్రీవీలులో పెద్దదానికి 28. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒకటిన్నర చుట్టు తిరగాలి, మన్ననూరు ఘాటులో మోకాళ్లు పట్టేసేవి, సగం మంది నడిపించుకుంటూ వచ్చేవాళ్లు. "ప్రాక్టీసు లేదు మీకు" అని నేను వాళ్లనే అన్న రోజులున్నాయి. కొత్తవాటికి ముందు చిన్నదానికి 30, వెనక 34. పెడలు పూర్తిగా ఒక చుట్టు తిప్పినా చక్రం చుట్టు కన్నా కొంచెం తక్కువే తిరుగుతుంది. మెల్లగా పోతుంది గానీ కూర్చునే ఎక్కేయొచ్చు. మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు, షాపు వెనక మెరక మీద ఎక్కి చూపించింది.

రేటు పెరిగింది. రెండు రోజుల సోమశిల టూరుకు 3,200, పడక, రెండు పూటల భోజనం కలిపి. ఇంతకుముందు డ్యాం రైడుకు 1,800 తీసుకున్నాం, దాంట్లో రెండో బండికి జాగా లేదు. ఇప్పుడు ముందొక బైకు, వెనకొక బండి, రెండింట్లోనూ నీళ్లు, మందులు ఉంటాయి. ఆరుగురికి మించి తీసుకోను. పది మంది గుంపుగా వస్తామన్న కంపెనీవాళ్లకు ఈ వారమే వద్దన్నాను, మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.

అప్పాపూర్ పెంటకు లోపలి మట్టి దారిన తీసుకుపొమ్మని, సలేశ్వరం తీసుకుపొమ్మని అడుగుతూనే ఉన్నారు. సలేశ్వరం చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే, అందరితో పాటు నడిచి పోవాల్సిందే. పెంటలకు అసలే వద్దు. నిరుడు మా గుంపులో ఒకరు అడక్కుండా చెంచుల గుడిసెలోకి తొంగి చూసి ఫోటో తీశారు. లోపల బాలింత ఉంది. ఆ ఇంటి పెద్దాయన తిట్టలేదు, ఊరికే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

మొదటి సోమశిల బ్యాచి దసరా తర్వాతి శనివారం. ఒక్కొక్కరు రెండు లీటర్ల నీళ్లు పట్టే స్టీలు సీసా తెచ్చుకోండి, ప్లాస్టిక్ వద్దు. హెల్మెట్ మా దగ్గరుంది, సైజు ముందే చెప్పండి.

పాత సైకిళ్లు ఎనిమిది అమ్మకానికి పెట్టాను, ఒక్కోటి 4,500. కొత్త టైర్లు, కొత్త బ్రేకు రబ్బర్లు వేశాను, ఊళ్లో తిరగడానికి, పొలానికి పోవడానికి బాగా పనికొస్తాయి. ఘాటు మీదికి తీసుకుపోతానంటే మాత్రం మీకు అమ్మను.